చీటీల బతుకమ్మ

బేరం ఆడకుండా నేను ఏదైనా కొన్నానంటే, ఆ రోజు నాకు ఒళ్లు కాలే జ్వరమైనా ఉండాలి, ఆ వస్తువు మందు బిళ్లయినా అయి ఉండాలి. మాది సంగారెడ్డి బజారులో కిరాణా దుకాణం. అటు పక్కన పెద్దనాయన బట్టల దుకాణం, ఇటు పక్కన మేనమామ స్టీలు సామాన్ల దుకాణం. నాకు మాటలు వచ్చింది గల్లాపెట్టె పక్కనే. నేను పలికిన మొదటి మాట "ఎంతకిస్తవ్?" అని మా అమ్మ ఇప్పటికీ చుట్టాలందరికీ చెప్తుంది. అబద్ధమే అయి ఉండాలి. కానీ కాదంటే ఉన్న పేరు పోతుందని ఊరుకుంటాను.

మా నాయన గల్లా మీద కూర్చుని నాకు రెండు సంగతులు నేర్పాడు. ఒకటి, వంక పెట్టకుండా ధర అడగకు. సరుకులో వంక దొరక్కపోతే సంచిలో వెతుకు, అక్కడా లేకపోతే అమ్మేవాడి ముఖంలో వెతుకు. రెండోది, చీటీ లేని డబ్బాలో చెయ్యి పెట్టకు. మా దుకాణంలో చక్కెర, దొడ్డుప్పు, పటిక, బట్టల సోడా, తినే సోడా అన్నీ తెల్లటివే, అన్నీ ఒకే రకం రేకు డబ్బాల్లో ఉండేవి. ప్రతి డబ్బా మీదా నాయన తన చేత్తో రాసి అంటించిన చీటీ ఉండేది. ఒక వానకాలం చీటీ తడిసి ఊడిపోతే ఆ డబ్బాలో ఉన్నదంతా తీసుకుపోయి మోరీలో పారబోశాడు.

"జెర నాకి సూస్తె తెలుస్తుండె గద నాయినా," అన్నాను, నష్టం చూడలేక.

"నాకినంక తెలిస్తె ఏం ఫాయిదా బిడ్డా?" అన్నాడు.

మొదటి సంగతి నాకు బాగా ఒంటబట్టింది. రెండోది పట్టలేదని పోయినేడు బతుకమ్మ పండుగ ముందర తెలిసింది. అందరం బాగానే ఉన్నాం కాబట్టి ఇప్పుడు కాలు మీద కాలేసుకుని రాస్తున్నాను.

మేముండేది ఇస్నాపూర్‌లో. కింది గదిలో కిరాయికి ఉండే ఆమెది జిన్నారం అవతల ఒక పల్లె. మాత్రలు తయారు చేసే కంపెనీలో పని. ఆమె భర్త లారీ నడుపుతాడు, వారానికో పదిరోజులకో ఒకసారి ఇంటికి వస్తాడు. ఆమెకు పొద్దున షిఫ్టు పడిన వారం ఆరింటికి ముందే కంపెనీ బస్సు రోడ్డు మీదికి వస్తుంది. అందుకని ఐదున్నరకే నాలుగేళ్ల కొడుకును, ఇంకా నిద్రలో ఉన్నవాణ్ణి, భుజాన వేసుకుని పైకి తెచ్చి మా ఆరేళ్ల బిడ్డ పక్కన పడుకోబెట్టి పోతుంది. వాడు లేచేసరికి ఆ పిల్ల మొహం కనిపిస్తుంది కాబట్టి ఏడవడు. నన్ను పెద్దమ్మా అంటాడు. ఇద్దరిదీ ఒకే బడి.

ఆ బడిలో చిన్న తరగతుల పిల్లలందరూ పారేసే వస్తువులతో బతుకమ్మ చేసి తేవాలని చీటీ రాసి పంపారు. దసరా సెలవుల ముందటి రోజు, సోమవారం, బడి ఆవరణలో పెట్టి ఆడతారట. తంగేడు, గునుగు వద్దట. గుమ్మడి ఆకు కూడా వద్దట. నాకు మహా సంతోషమైంది. గునుగు పూల కట్ట ధర ఆ వారంలో ఎట్లా ఎగురుతుందో మార్కెట్‌కు పోయే ఆడవాళ్లందరికీ తెలుసు. పారేసే వస్తువుకు ధర ఏముంటుంది?

ధర ఉంటుందని చిట్కుల్ రోడ్డు మీద, నేను ఎప్పుడూ పాత పేపర్లు అమ్మే స్క్రాప్ దుకాణంలో తెలిసింది. శుక్రవారం సాయంత్రం స్కూటీ ఆపి లోపలికి చూస్తే, అట్టల గుట్టల వెనక ఒక వెండి రంగు సంచి తళతళలాడుతూ కనిపించింది. కంపెనీలకు పొడి సరుకు వచ్చే పెద్ద సంచి. మంచం మీద పరిస్తే సగం మంచం కప్పుతుంది. దాన్ని సన్నగా అంచులు కత్తిరించి చీపురు పుల్లలకు చుడితే అచ్చం గునుగు పువ్వే. నా కళ్లకు అప్పుడే బతుకమ్మ లేచి నిలబడింది. కానీ కొనేవాళ్ల కళ్లలో ఆ మెరుపు కనిపించగూడదు. నిర్లక్ష్యంగా కాలితో జరిపాను.

"గిది ఎట్లన్నా?"

"యాభై ఇయ్యక్కా," అన్నాడు దుకాణం ఆయన, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

"యాభైయా! లోపల బియ్యం గిట్ల పోసి ఇస్తున్నవా?"

"బియ్యం నువ్వే తెచ్చి పోస్కో. సంచి యాభై."

సంచిని అటూ ఇటూ తిప్పాను. నలగలేదు, చినగలేదు. వంక లేదు. ఉన్నదల్లా మధ్యలో అంటించిన అరచేయంత తెల్ల లేబుల్, దాని మీద ఇంగ్లీషులో ఏదో. మాటల్లో పెట్టి, బొటనవేలి గోరు దాని కిందికి దూర్చాను. ఆయన చూపు ఫోన్ మీదే ఉంది. ఇంటి సంగతులు, వాన సంగతులు, పండుగ సంగతులు మాట్లాడుతూ మెల్లగా మొత్తం పీకేశాను. పీకిన చోట జిగురు మరక మిగిలింది.

"ఇగో సూడు, గమ్ము మరకలు. నడుమనే ఉన్నది. మరకల సంచికి యాభై ఎవడిస్తడు?"

ఇరవైకి తెగింది. లేబుల్ వేళ్లకు అంటుకుని వదలడం లేదు. డబ్బులు ఇస్తున్నట్టు వంగి, దాన్ని కాటా ఇనుప కాలికి తుడిచేశాను. ఇంటికి వచ్చేదారి పొడుగునా నన్ను నేను మెచ్చుకున్నాను. మా నాయన చూసి ఉంటే గల్లా అప్పజెప్పేవాడు.

మర్నాడు రెండో శనివారం, బడికి సెలవు. పిల్లలిద్దరినీ చెరో పక్కన కూర్చోబెట్టుకుని సంచిని నిలువునా కోశాను. లోపలి మడతల్లో తెల్లటి మెత్తటి పొడి ఉంది. దులిపితే గచ్చు మీద గుప్పెడు రాలింది. అప్పుడు నాకేమనిపించిందో దాచకుండా చెప్తాను: సంచితో పాటు ముగ్గుపిండి ఉత్తగనే వచ్చింది అనుకున్నాను.

నేను అంచులు కత్తిరించాను, నా బిడ్డ పుల్లలకు చుట్టింది, పిల్లగాడు చుట్టినవాటిని వరసగా పెట్టి లెక్క చెప్పాడు. వాడికి పదకొండు దాకా వస్తుంది, తర్వాత మళ్లీ ఏడు. కొన్నిటికి గులాబీ రంగు పూశాం, కొన్నిటిని వెండిగానే ఉంచాం. మధ్యలో ఇద్దరూ పొడి మీద వేళ్లతో చేపలు, బస్సులు గీశారు. వాడి ముక్కు మీద, చెవుల మీద, రెప్పల మీద పొడి. మా పిల్ల వాడికి మిగిలిన వెండి ముక్కతో కిరీటం చేసి పెట్టింది. ఒకసారి వాడు నా దగ్గరికి వచ్చి, "పెద్దమ్మా, తియ్యగున్నది," అన్నాడు. నేను పుల్లలు కడుతూ, తల ఎత్తకుండా, "మంచిది. నోట్లె వెట్టకు," అన్నాను. తియ్యగా ఉందని నోట్లో పెట్టకుండా ఎట్లా తెలుస్తుంది? ఆ మాట నా బుర్రకు తట్టడానికి ఇంకా రెండు గంటలు పట్టింది.

రెండున్నరకు వాళ్లమ్మ షిఫ్టు దిగి వచ్చింది. నుదుటి మీద టోపీ ఎలాస్టిక్ గీత ఇంకా పోలేదు. గుమ్మంలోనే ఆగిపోయింది.

"అక్కా, గా సంచి యాడిది?"

"స్క్రాప్ దుకాన్ల పట్టిన. యాభై చెప్పిండు, ఇరవైకి దించిన!" అన్నాను. ఆ గర్వం తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఆమె చెప్పులతోనే లోపలికి వచ్చి సంచి ముక్కలను తిరగేసింది. "లేబుల్ ఏది?"

"లేబుల్ ఎందుకు?"

"అక్కా, లేబుల్ ఏది? మా కాడ లేబుల్ లేని సంచి ముట్టనియ్యరు. కొన్ని మాల్లకు రెండు జతల గ్లౌజులు ఏస్కొని, మూతికి మాస్కు కట్టుకొని ముడుతం. ఇండ్ల ఏం మాల్ ఉండెనో ఎట్ల తెలుస్తది?" అంటూనే కొడుకు గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పింది. వాడి కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. వరసగా నాలుగు తుమ్ములు తుమ్మాడు. "గిది నోట్లె వెట్టుకున్నవా బిడ్డా?"

"నాకిన. తియ్యగున్నదమ్మా," అన్నాడు వాడు, మెచ్చుకుంటుందనుకుని.

"అక్క గూడ నాకిందా?"

మా పిల్ల నా వైపు చూసి తల ఊపింది.

"తియ్యగున్నదంటె మంచిదేమో గద చెల్లె?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"తియ్యగున్నయన్ని మంచియి కావక్కా. లేబుల్ యాడ పడ్డది, యాదికి తెచ్చుకో."

"పడలే. నేనే పీకేసిన."

"ఎందుకు?"

"ముప్పై రూపాయలకు."

ఆమె పిల్లలిద్దరినీ రెక్క పట్టి బాత్రూంలోకి తీసుకుపోయి, బట్టలు విప్పించి, నల్లా కింద నిలబెట్టి కళ్లు, నోరు, గోళ్లు కడిగింది. విప్పిన బట్టలు కవర్లో మూట కట్టింది. ఆటో పిలిచింది. "నేను ఇద్దర్ని దవాఖానకు తీస్కపోత. డాక్టర్ మొదలు అడిగేది ఏం పొడి అనే. నువ్వు పోయి లేబుల్ దేవులాడి ఫోటో పంపు. జల్దీ."

"అమ్మా, నువ్వు రావా?" అంది మా పిల్ల ఆటోలోంచి.

"లేబుల్ తెస్త బిడ్డా," అన్నాను. బొమ్మ తెస్తాననో, బిస్కెట్ తెస్తాననో చెప్పినట్టుంది ఆ మాట.

స్కూటీ మీద ఆ మైలున్నర ఎట్లా పోయానో గుర్తులేదు. దుకాణంలోకి పోయి మాటా పలుకూ లేకుండా మోకాళ్ల మీద కూర్చుని కాటా కిందికి తల దూర్చాను. నాలుగు కాళ్లూ తడిమాను. లేదు.

"ఏం పోయిందక్కా? చెవుల కమ్మనా?"

"లేబుల్ అన్నా. నిన్నటి సంచిది."

"నువ్వు పీకినదా?"

తల ఎత్తి చూశాను. ఆయన నవ్వుతున్నాడు. "నాకు తెల్వదనుకున్నవా? గోరు అరగంగ గీకుతుంటివి. అది ఇరవై మాలే అక్కా. నీ సంగతి తెలిసే యాభై చెప్పిన. అంత కష్టపడుతుంటె నడుమల ఎందుకు ఆపుడని ఊకున్న."

వేరే రోజైతే ఆ మాటకు నేను నెల రోజులు అన్నం తినకపోదును. ఆ రోజు అది నాకు తగలనే లేదు. "పిల్లలు ఆ సంచిలున్న పొడి నాకిండ్రు అన్నా. మా పిల్ల, కింది ఆమె కొడుకు. దవాఖానల ఉన్నరు. ఏం పొడో తెల్వాలె."

ఆయన నవ్వు ఆగిపోయింది. లుంగీ ఎగ్గట్టి లేచాడు. "ఇంకో సంచి చూద్దామంటె అన్ని రకాల కంపెనీలయి వస్తయి, ఒక్కోదాంట్ల ఒక్కో మాల్. నీది నీ లేబులే చెప్పాలె." కాటా చుట్టూ తిరిగాడు. "పొద్దుగాల గీడ అట్టల మూటలు తూచిన. కాలికి రాసుకుంట పెట్టినం. దేనికన్న అతికి ఉంటది."

గోడ పొడుగునా అట్టల మూటలు. సాయంత్రం లారీకి పోవాల్సినవి. ఆయన ఒక్కొక్కటి లాగి కాటా మీదికి ఎత్తుతుంటే నేను అన్ని వైపులా తిప్పి చూశాను. సబ్బుల అట్టలు, టీవీల అట్టలు, నూనె పాకెట్ల అట్టలు. ప్రతిదాని మీదా పేరే, ఒక్కటీ నాకు కావలసింది కాదు. ఫోన్ మోగింది.

"దొరికిందా అక్కా? డాక్టర్ అడుగుతున్నడు."

"దేవులాడుతున్న చెల్లె. పిల్లలు?"

"ఉన్నరు. నువ్వు చూడు ముందు," అని పెట్టేసింది. 'ఉన్నరు' అన్న మాట అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు.

మా నాయన మోరీలో పారబోసిన డబ్బా కళ్ల ముందు కనిపించింది. ఆ రోజు నేను లెక్కపెట్టింది డబ్బాలో సరుకు ధర. ఆయన లెక్కపెట్టింది దాన్ని కొనుక్కుపోయే ఇళ్లను.

ఐదో మూట అడుగున, మూలకు, సగం ముడుచుకుని అతుక్కుని ఉంది. ఈసారి గోరు ఆనించడానికి భయమేసింది. ఉన్నచోటనే ఉంచి, దుకాణం ఆయన రెండు చేతులతో సాగదీసి పట్టుకుంటే ఫోటో తీసి పంపాను. పైన కంపెనీ పేరు చినిగిపోయింది. కింద సరుకు పేరు మిగిలింది. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కున్నాను కానీ, చదివినా నాకేం తెలుస్తుంది? చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. తర్వాత ఏమీ లేదు. దుకాణం ఆయన, నేను, ఇద్దరం ఫోన్‌ను గుళ్లో దీపాన్ని చూసినట్టు చూస్తూ నిలబడ్డాం.

మోగింది. అవతల ముక్కు ఎగబీల్చుకునే చప్పుడు వినిపించింది. ఫోన్ చెవికి అదుముకున్నాను.

"అక్కా, పాలచక్కెర."

"ఏందీ?"

"లాక్టోజు అక్కా! పాలకెల్లి తీసే చక్కెర. మాత్రలల్ల కలుపుతరు. రోజు మూటలకు మూటలు ఎత్తిపోస్త నేను. డాక్టర్ గూడ అదే అన్నడు. ఏం గాదంట. ఏం గాదంట అక్కా!" ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. వెనక నుంచి నా బిడ్డ గొంతు, పిల్లగాడి తుమ్ము వినిపించాయి. ఆ తుమ్ము ఎంత ముద్దుగా ఉందో.

అట్టల మూట మీద కూలబడ్డాను. తెల్లనివన్నీ పాలు కావని పెద్దలంటారు. నా అదృష్టం, ఈసారి పాలే అయ్యాయి. దుకాణం ఆయన సీసాతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. నేను తాగి, మొహం కడుక్కుని, మళ్లీ తాగాను.

"అక్కా, కూసుంటె కూసో గని," అన్నాడాయన మెల్లగా, "ఆ మూట కాటా మీదున్నది. నిన్ను గూడ కలిపి తూగుతున్నది."

ఇద్దరం పగలబడి నవ్వాం. నాకు నవ్వు ఎంతకీ ఆగలేదు. లేస్తుంటే ఆయన, "సంచి ముక్కలు తెచ్చియ్యి, నీ ఇరవై వాపస్ ఇస్త," అన్నాడు.

"వద్దన్నా."

ఆయన అటు తిరిగి, మళ్లీ ఇటు తిరిగి, నా మొహం పరీక్షగా చూశాడు. "నువ్వు గూడ డాక్టర్‌కు చూపిచ్చుకోరాదు?"

దవాఖానకు పోయేసరికి పిల్లలిద్దరూ బెంచీ మీద కాళ్లూపుతూ కూర్చున్నారు. డాక్టర్ నాతో, "పొడి అంటిన చేతులతో నలుపుకోవడం వల్ల కళ్లు ఎర్రబడ్డాయమ్మా, కడిగి చుక్కలు వేశాం. రాత్రికి కడుపు కొంచెం ఉబ్బరిస్తే భయపడకండి. ఆ సంచి మాత్రం ఇంట్లో ఉంచొద్దు. ఈసారి లేబుల్ మీద మంచి పేరు వచ్చింది, అంతే," అన్నాడు. నేను బుద్ధిగా తలూపాను. ఫీజు ఎంతంటే అంత ఇచ్చాను.

ఇంటికి వచ్చి గచ్చు మూడుసార్లు తడిబట్టతో తుడిచి, చేసిన పువ్వులన్నీ కవర్లో మూట కట్టాను. పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా ఏడవని పిల్లగాడు అప్పుడు ఏడ్చాడు. "నా గునుగు పువ్వులు! పదకొండున్నయి!" వాళ్లమ్మ వాణ్ణి ఎత్తుకుని కిందికి దిగిపోయింది. తలుపు వేసుకున్న చప్పుడు వినిపించింది.

ఆదివారం కూడా ఆమెకు పొద్దున షిఫ్టే. ఇంక వాణ్ణి నా దగ్గర వదలదని అనుకున్నాను. వదలకపోతే తప్పు ఆమెది కాదు. పని మానుకుంటుందా, ఊరి నుంచి తల్లిని పిలిపించుకుంటుందా, ఇంకెవరింట్లోనైనా దింపుతుందా? ఐదింటికే మెలకువ వచ్చి, దీపం వేసి, తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. పిలవడానికి నాకు మొహం లేదు.

ఐదున్నరకు తలుపు చప్పుడైంది. రోజూ కొట్టినట్టే, రెండుసార్లు.

భుజాన నిద్రపోతున్న పిల్లగాడు. ఎప్పటిలాగే వాణ్ణి నా చేతుల్లోకి మార్చింది. వాడి వెచ్చటి చెంప నా మెడకు ఆనింది. ఆమె రెండో చేతిలో ఒక పెద్ద కవరు ఉంది. లోపల కడిగి ఆరబెట్టిన పాల పాకెట్లు, గుడ్ల అట్టలు, ఉల్లిగడ్డల ఎర్ర జాలీ సంచి.

"మా ఇంట్లయే అక్కా. అన్నిటి మీద పేరున్నది, చూస్కో," అంది. ఆ తర్వాత పెదవి కొసన నవ్వు కనిపించింది. "పీకకు మల్ల."

చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. నోట్లోంచి వచ్చింది మాత్రం, "ఎంతకిస్తవ్?"

"సాయంత్రం బేరం ఆడుదాం తియ్. బస్సొచ్చింది," అని మెట్లు దిగింది.

సోమవారం బడి ఆవరణలో చిన్న పిల్లల బతుకమ్మలు వరసగా నిలబడ్డాయి. కొన్ని మా దానికంటే అందంగా ఉన్నాయి, ఒప్పుకుంటాను. మా దానికి అడుగున గుడ్ల అట్టల పూలు, పైన పాల పాకెట్ల నీలం, తెలుపు వరసలు, ఆ పైన ఉల్లిగడ్డ జాలీ కుచ్చులు. ప్రతి వరసకూ నా బిడ్డ వంకర అక్షరాలతో రాసి అంటించిన చీటీ. ఆ పని దానికి ఎవరూ చెప్పలేదు.

పిల్లల టీచరమ్మది కోస్తా నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం. మా దాని ముందు వంగి చీటీలన్నీ కింది నుంచి చదివింది. "ఇదేంట్రా, పచ్చళ్ల జాడీల్లాగా ఇన్ని చీటీలు అంటించారేంటి?" అని పిల్లగాణ్ణి అడిగింది.

వాడు చేతులు వెనక్కి కట్టుకుని, వాళ్లమ్మ గొంతుతో చెప్పాడు. "చీటీ లేంది ముట్టనియ్యరు మేడం."

ఆమె నవ్వుతూ అన్నింటికన్నా పైన కూర్చున్న గౌరమ్మ వైపు చూసింది. దానికి కూడా అగ్గిపుల్లకు గుచ్చిన ఒక చిన్న చీటీ ఉంది: పసుపు, మా వంటింటిది.